ఒక కొసకు పెన్ను, ఇంకో కొసకు పెన్సిల్: దీనికి క్యాప్ ఎట్లా చేయాలి?

రందపొట్టు (కల్వకుర్తి):

అందరికీ నమస్తే. నేను వడ్రంగిని. ఇరవై రెండేళ్ల నుంచి ఇదే పని. దర్వాజాలు, తలుపులు మా నాన్న నేర్పాడు. కప్‌బోర్డులు, కిచెన్ పనులు నేనే నలుగురి దగ్గర చూసి నేర్చుకున్నాను. అడగబోయేది చిన్న సంగతే గానీ ఏడాది నుంచి బుర్ర తినేస్తోంది.

మా పనిలో పెన్ను, పెన్సిల్ రెండూ కావాలి. టేకు మీద, ప్లైవుడ్ మీద పెన్సిల్‌తోనే గీయాలి. బాల్‌పెన్నుతో గీస్తే ఆ సిరా పాలిష్‌లో కరిగి పైకి తేలుతుంది. ఒకసారి మా దగ్గర పనిచేసే పిల్లగాడు తొందరలో పూజగది తలుపు మీద పెన్నుతో గీశాడు. నేను చూసుకోలేదు. సీలర్ కొట్టాం, ఇసుక కాగితం పట్టాం, పాలిష్ రెండు కోటింగులు వేశాం. వారం తర్వాత చూస్తే దేవుడి తలుపు మీద నీలం గీత, ఇంజెక్షన్ వేసే ముందు చేతి మీద నరం లేచినట్టు. ఆ రెక్క నా ఖర్చుతో మళ్లీ చేసిచ్చాను. సన్‌మైకా దగ్గరికి వస్తే కథ తిరగబడుతుంది. నున్నటి సన్‌మైకా మీద పెన్సిల్ జారిపోతుంది, గీసినా కనబడదు. అక్కడ పెన్నే దిక్కు. పని అయ్యాక థిన్నర్ గుడ్డతో తుడిస్తే పోతుంది.

అందుకని చెవి సందున పెన్సిల్, జేబులో పెన్ను. రెండింట్లో ఏదో ఒకటి రోజూ పోతుంది. రందపొట్టు కుప్పలో పడ్డ పెన్సిల్ సాయంత్రం ఊడ్చేటప్పుడు దొరుకుతుంది, అప్పటికి నాలుగు కొత్తవి కొనుంటాం.

ఇంట్లో చిన్న లేత్ ఉంది. మంచం కోళ్లు, చపాతీ కర్రలు చేస్తుంటాను. దాని మీద టేకు ముక్క తిప్పి 15 సెంటీమీటర్ల పొడుగు, 11 మి.మీ. మందం కాడ ఒకటి తీశాను. ఒక కొసకు మామూలు రీఫిల్ కోసి పెట్టాను. ఇంకో కొసకు మొదట కట్టె పెన్సిల్ ముక్క బిగించాను. అది చెక్కినకొద్దీ పొట్టిదవుతుంది కదా, ఈ వారం సరిపోయిన క్యాప్ వచ్చే వారం లబలబలాడుతుంది. అది తీసేసి 2 మి.మీ. లెడ్ పట్టే పాత క్లచ్ పెన్సిల్ మూతి పెట్టాను. మర వదులు చేస్తే లెడ్ జారుతుంది, బిగిస్తే పట్టుకుంటుంది. సన్న లెడ్లు, అదే పిల్లలు వాడే 0.5, 0.7 మా పనికి ఆగవు. ప్లైవుడ్ మీద ఒత్తగానే టపీమని విరుగుతాయి.

పెన్ను వైపు ఒక తప్పు చేశాను, ఎవరైనా చేయబోతే గుర్తుంచుకోండి. రీఫిల్ కదలకుండా వెనక రంధ్రం నిండా ఫెవికాల్ నింపాను. రెండు లైన్లు రాసింది, ఆగిపోయింది. ఇంకో రీఫిల్ వేశాను, అదీ అంతే. కంపెనీని తిట్టుకున్నాను. తర్వాత వెలిగింది: వెనక నుంచి గాలి పోకపోతే సిరా ముందుకు ఎట్లా వస్తుంది? కాడకు పక్కన గుండుసూది పట్టేంత బెజ్జం పెట్టాను, అప్పటి నుంచి బాగానే రాస్తోంది. గోడ మీద పైకెత్తి రాస్తే మాత్రం మొరాయిస్తుంది, అది ఏ బాల్‌పెన్నుకైనా ఉన్న రోగమే.

ఇక క్యాప్. ఇక్కడే ఆగిపోయాను.

మొదటిది టేకుతోనే చేశాను. శ్రావణంలో చేస్తే ఎంత బాగా కూర్చుందో! ఏప్రిల్‌కు వదులై, వంగితే జేబులోంచి కాడ ఒక్కటే జారి కింద పడుతోంది, క్యాప్ జేబులోనే ఉంటోంది. వానాకాలం కట్టె ఉబ్బుతుంది, ఎండలకు ముడుచుకుంటుంది, ఇరవై రెండేళ్లుగా జనానికి నేను చెప్పే మాటే ఇది, నా పెన్ను దగ్గరికి వచ్చేసరికి మర్చిపోయాను. బిగువుగా రెండోది చేస్తే ఒత్తినప్పుడు నార వెంబడి పగిలింది.

మూడోది కొంచెం ఆశపడి చేశాను. లోపల మెండర్ పెట్టాను (మా దిక్కు షార్ప్‌నర్‌ను చిన్నప్పటి నుంచి మెండర్ అనే అంటాం). పైన రబ్బర్, అది మా బిడ్డ కోరిక, ఎనిమిదో తరగతి. పక్కన క్లిప్పు. ఆరు పలకలు, చెక్క మీద పెట్టినప్పుడు దొర్లకుండా. అన్నీ ఉన్నాయి, పని మాత్రం ఏదీ సరిగా లేదు. లెడ్ చెక్కిన నల్లపొడి క్యాప్‌లోనే ఉండిపోయి పెన్ను మూతికి పట్టుకుంటుంది, తర్వాత రాస్తే మొదటి రెండక్షరాలు బొగ్గుతో రాసినట్టు వస్తాయి. చొక్కా జేబు సంగతి చెప్పను, మా ఇంటావిడ చెబుతుంది.

ఒకటి మాత్రం బాగుంది. పెన్సిల్‌తో గీసేటప్పుడు క్యాప్ క్లిప్పును చెక్క పలక అంచుకు ఆనించి లాగితే అంచుకు సరిసమానంగా గీత పడుతుంది. మామూలుగా మేము ఆ పని వేలితో చేస్తాం, నడిమి వేలు అంచుకు ఆనించి పెన్సిల్ లాగుతాం, పేడు దిగిందంటే గోరు కింద నుంచి తీసుకోవాలి.

నా ప్రశ్న ఇదీ. రెండు కొసలకూ సరిపోయే ఒకే క్యాప్ చేయాలంటే ఎట్లా? ప్లాస్టిక్‌తో చేయించాలంటే ఎవరి దగ్గరికి పోవాలి? ఇన్ని పనులు ఒక్క మూతతో చేయించడం అసలు అయ్యే పనేనా?

పుస్తకాల కొట్టు (మిర్యాలగూడ):

అన్నా, నేను కొట్టు పెట్టి పద్నాలుగేళ్లు. అమ్మేవాడి వైపు నుంచి చెబుతాను, మనసు కష్టపెట్టుకోకండి.

లైటున్న పెన్ను, క్యాలెండర్ చుట్టుకునే పెన్ను, వెనక విసనకర్ర తిరిగే పెన్ను, అన్నీ తెచ్చాను. జూన్‌లో బళ్లు తెరిచినప్పుడు పిల్లలు ఎగబడి కొంటారు. ఆగస్టుకల్లా ఒక్కడూ అడగడు. మిగిలినవి కొట్లో పై అరలో దుమ్ము పట్టి ఉన్నాయి, కావాలంటే పంపిస్తాను. ఏడాది పొడుగునా పోయేది మాత్రం మామూలు పెన్నే. రాస్తుందా, మూత పడుతుందా, జేబుకు ఆగుతుందా, ఈ మూడే చూస్తారు.

నా దగ్గరికి పాడై తిరిగి వచ్చే పెన్నుల్లో మొదట విరిగేది క్లిప్పు. తర్వాత మూత పోవడం. మూత పోయిన పెన్నును ఎవరూ పెన్నుగా చూడరు, చీటీలు రాసే దగ్గర దారం కట్టి వేలాడదీస్తారు. రబ్బర్ పెట్టారా, వారం రోజుల్లో పిల్లలు దాన్ని గిల్లి పారేస్తారు. పెన్సిల్ వెనక రబ్బర్ ఎంతమంది పూర్తిగా అరగదీశారో మీరే గుర్తు చేసుకోండి.

ఇంకొకటి. మీరనుకున్నది కొంత వరకు ఎప్పుడో వచ్చేసింది. జర్మనీ ఫేబర్ కాస్టెల్ వాళ్ల ‘పర్‌ఫెక్ట్ పెన్సిల్’ ఉంటుంది. పెన్సిల్‌కు క్యాప్, క్యాప్ లోపల షార్ప్‌నర్, పక్కన క్లిప్పు. పెన్సిల్ పొట్టిదయ్యాక అదే క్యాప్ వెనక తగిలిస్తే పొడుగవుతుంది. మంచి ఆలోచనే. ఒక్కసారి ఒక డ్రాయింగ్ సార్ కోసం తెప్పించాను, ధర చూసి ఆయనే వద్దన్నాడు.

మీ సరుకు స్కూలు పిల్లలకు కాదు, మీలాంటి వాళ్లకే. అమ్మాల్సింది నా కొట్లో కాదు, ప్లైవుడ్ దుకాణంలో. మేకులు, స్క్రూలు కొనేటప్పుడు చేతికి తగిలేలా గల్లాపెట్టె పక్కన డబ్బాలో పెట్టాలి.

డై ఫిట్టర్ (బాలానగర్‌లో పని, సొంతూరు చిట్యాల):

రందపొట్టు అన్నా, గాలి బెజ్జం సంగతి మీకు మీరే పట్టుకున్నారంటే మిగతాది కష్టమేం కాదు. నేను ప్లాస్టిక్ మౌల్డులు, అంటే కరిగిన ప్లాస్టిక్ పోసే ఉక్కు అచ్చులు చేసే చోట పని చేస్తాను. మూతలే ఎక్కువ, సీసా మూతలు, డబ్బా మూతలు.

ముందు ఒక మాట. జేబులో పెట్టుకున్నప్పుడు రెండు కొసలూ మూసి ఉండాలి, క్యాప్ మాత్రం ఒకటే ఉండాలి అనేదే కదా మీ చిక్కు? మీ పెన్సిల్ వైపు లెడ్ లోపలికి పోతుంది. మర వదులు చేసి లెడ్‌ను లోపలికి నెట్టి బిగించండి, ఆ కొసకు మూత అవసరమే లేదు. పెన్నుతో రాసేటప్పుడు క్యాప్ పెన్సిల్ కొసకు, పెన్సిల్‌తో గీసేటప్పుడు పెన్ను కొసకు. జేబులో ఉన్నప్పుడు పెన్నుకే. అంటే రెండు కొసలూ ఒకే కొలత ఉండాలి, అంతే. కాడ 11 మి.మీ. అన్నారు, రెండు వైపులా 12 మి.మీ. మేర 9 మి.మీ.కు దించి మెట్టు తీయండి. క్యాప్ ఆ మెట్టు మీద కూర్చుంటుంది, బయటి నుంచి చూస్తే కాడ, క్యాప్ ఒకటే మట్టంలో ఉంటాయి.

బిగువు మీద ఆధారపడొద్దు. బిగువుగా చేసిన మూత కట్టె అయితే పగులుతుంది, ప్లాస్టిక్ అయితే వాడగా వాడగా సాగుతుంది. మూత లోపల 0.2 మి.మీ. ఎత్తున సన్నటి ఉబ్బు గీత ఒకటి, కాడ మెట్టు మీద దానికి సరిపోయే గాడి ఒకటి ఉంటే చాలు. ‘టక్’మని కూర్చుంటుంది. ఆ చప్పుడు వినబడితే మనిషి మూత పడిందని నమ్ముతాడు, లేకపోతే ఒత్తుతూనే ఉంటాడు. వేసవి, వానాకాలం తేడా కూడా ఆ ఉబ్బు కొంత వరకు సర్దుకుంటుంది.

ప్లాస్టిక్ అయితే పాలీప్రొపిలీన్ తీసుకోండి. షాంపూ సీసా పైన టపుక్కున తెరిచే మూత చూశారు కదా, వందల సార్లు వంచినా ఆ సన్నటి మడత తెగదు, అదీ దాని గుణం. పాలీస్టైరీన్ మెరుస్తుంది, గట్టిగా ఉంటుంది, కానీ క్లిప్పు కాస్త వంగగానే పుటుక్కుమంటుంది. మిర్యాలగూడ అన్న దగ్గర క్లిప్పు విరిగిన పెన్నుల్లో ఇలాంటివే ఎక్కువ ఉంటాయని నా అనుమానం.

మౌల్డుకు అప్పుడే పోకండి. చిన్న మూతకైనా లక్షల్లో మాట. పైగా మౌల్డ్ అయ్యాక అర మిల్లీమీటరు తప్పిందంటే ఉక్కును మళ్లీ కోయాలి. ముందు త్రీడీ ప్రింట్ తీయించండి. రాయదుర్గంలో టీ-వర్క్స్ ఉంది, 2023లో తెరిచారు, నమూనాలు చేసుకోవడానికే పెట్టింది. బాలానగర్‌లో సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) ఉంది, 1968 నుంచి డై, టూల్ పని నేర్పుతోంది, అక్కడా అడగొచ్చు.

ప్రింట్ చేయించేటప్పుడు రెండు సంగతులు. ఒకటి, ప్రింట్‌లో రంధ్రం చెప్పిన కొలత కంటే సన్నగా వస్తుంది, 9 కావాలంటే 9.2 లేదా 9.3 చెప్పి చూడండి. రెండోది మీకైతే వెంటనే తెలుస్తుంది: ప్రింట్‌కూ నార ఉంటుంది. పొర మీద పొర పేరుస్తుంది కాబట్టి పొరల మధ్యనే విరుగుతుంది. క్యాప్‌ను నిలబెట్టి ప్రింట్ చేస్తే క్లిప్పులో పొరలు అడ్డంగా పడతాయి, రెండో రోజే విరుగుతుంది. పడుకోబెట్టి ప్రింట్ చేయమనండి.

మెండర్ తీసేయండి. నల్లపొడి, సిరా ఒకే గదిలో కాపురం చేయవు.

పంతులమ్మ (జడ్చర్ల):

బడిలో ముప్ఫై మంది పిల్లల మధ్య రోజంతా ఉండేదాన్ని, నాకు కనబడేది వేరే. ఏ పెన్ను మూత చూసినా దాని కొస నమిలి ఉంటుంది. లెక్క రాకపోతే నములుతారు, వచ్చినా నములుతారు. మీ అమ్మాయి కూడా వాడుతుందన్నారు కాబట్టి చెబుతున్నాను.

పెన్ను మూత పైన చిన్న రంధ్రం ఎందుకుంటుందో మా క్లాసులో అడిగితే ‘సిరా ఆరడానికి’ అని ఒకడు, ‘దారం కట్టుకోవడానికి’ అని ఇంకొకడు అన్నారు. మూత పొరపాటున గొంతులోకి పోయి అడ్డం పడితే ఊపిరి కొంతైనా ఆడడానికి. బిక్ కంపెనీ వాళ్లు 1991 నుంచి ఆ రంధ్రం పెడుతున్నారు. దీనికి అంతర్జాతీయ ప్రమాణమే ఉంది, ఐఎస్‌ఓ 11540. పద్నాలుగేళ్ల వరకు ఉన్న పిల్లలు వాడే పెన్నుల మూతల కోసం పెట్టింది. మూత 16 మి.మీ. రింగులో దూరనంత పెద్దదైనా కావాలి, లేదంటే గాలి పోయే దారి ఉండాలి. ఆ దారి కనీసం 6.8 చదరపు మిల్లీమీటర్లు. 3 మి.మీ. బిట్టుతో ఒక బెజ్జం పెడితే 7 చదరపు మి.మీ. పైనే వస్తుంది, మీకు అరనిమిషం పని. బెజ్జం పైన రబ్బర్ అతికిస్తే మళ్లీ మూసుకుపోతుంది, అందుకే మీ అమ్మాయికి రబ్బర్ విడిగా కొనివ్వండి.

ఎనిమిదో తరగతి అన్నారు. బడిపిల్లల కొత్త ఆలోచనలకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ మనక్ అవార్డులకు బడి నుంచి ఆలోచనలు పంపుతాం. ఎంపికైన పిల్లల ఖాతాలో నమూనా చేసుకోవడానికి పది వేలు వేస్తారు. కానీ ఆలోచన పిల్లదై ఉండాలి, నాన్నది కాదు. ప్రదర్శనలో పిల్లలను నిలబెట్టి ‘ఇది ఎందుకిలా పెట్టావమ్మా’ అని అడిగితే వెనక నుంచి తండ్రులు పెదవులు కదపడం ఏటా చూస్తున్నాం. మీకైతే ఇంటింటా ఇన్నోవేటర్ అనే కార్యక్రమం ఉంది కదా, రాష్ట్ర ఇన్నోవేషన్ సెల్ వాళ్లది. దానికి చదువు, వయసు అడ్డం కాదు. ఎంపికైనవి పంద్రాగస్టుకు జిల్లా కేంద్రంలో పెట్టించారు. మీది నాగర్‌కర్నూల్ జిల్లా కిందికి వస్తుంది.

రందపొట్టు (కల్వకుర్తి):

ముగ్గురికీ దండాలు. డై ఫిట్టర్ తమ్ముడూ, లెడ్ లోపలికి నెట్టే సంగతి నాకు తట్టనే లేదు! ఏడాదిగా రెండు క్యాపులు, రెండు మూతలు అని కొట్టుకున్నాను. నాతోనే ఉన్న మర కదా అది.

మేడమ్, బెజ్జం సంగతి చెప్పి మంచి పని చేశారు. రబ్బర్ లేదంటే బిడ్డ అలిగింది. 3 మి.మీ. బెజ్జం చూపించి ఎందుకో చెబితే కాసేపు గొంతు పట్టుకుని కూర్చుంది, తర్వాత తన పెన్నులన్నీ తెచ్చి మూతలు వెలుతురుకు పెట్టి చూసింది. రెండింటికి బెజ్జం లేదు. అవి పారేసింది.

మిర్యాలగూడ అన్నా, పై అరలో పెన్నులు వద్దు గానీ ఆ విసనకర్రది ఒకటి ఉంటే ఉంచండి.

పేటెంట్ తీసుకోవచ్చా దీనికి? మా ఊళ్లో ఒకాయన ముందు పేటెంట్ చేయించు, లేకుంటే కంపెనీవాళ్లు ఎత్తుకుపోతారు అంటున్నాడు.

కాగితాల పని (సూర్యాపేట):

నేను వకీలును కాను, ఒక పేటెంట్ ఏజెంట్ దగ్గర తొమ్మిదేళ్లు కాగితాలు తయారు చేశాను. తెలిసింది చెబుతాను.

మొదటిది, ఇక మీదట కొలతలు, బొమ్మలు, ఫొటోలు ఇక్కడ పెట్టకండి. దరఖాస్తు పెట్టకముందే నలుగురికీ కనబడేలా పెడితే, పెట్టింది మీరే అయినా సరే, కొత్తదనం పోయినట్టే లెక్క. ఇప్పటిదాకా మీరు చెప్పింది పోయిందనే అనుకోండి, ఇంకా చెప్పనిది దాచుకోండి.

రెండోది మీకో కథ. పెన్సిల్ వెనక రబ్బర్ ఉంటుంది చూడండి, దానికి 1858 మార్చి 30న అమెరికాలో హైమన్ లిప్‌మన్ అనే ఆయన పేటెంట్ తీసుకున్నాడు. 1862లో జోసెఫ్ రెకెన్‌డార్ఫర్ అనే ఆయన దాన్ని లక్ష డాలర్లకు కొన్నాడు. ఆ రోజుల్లో లక్ష డాలర్లంటే ఊహించుకోండి. ఇంతలో పెన్సిళ్లు చేసే ఫేబర్ రబ్బరున్న పెన్సిళ్లు తీసుకొచ్చాడు. రెకెన్‌డార్ఫర్ దావా వేశాడు. అది సుప్రీంకోర్టు దాకా పోయి 1875లో తీర్పు వచ్చింది: పేటెంటే చెల్లదు. ఎందుకంటే పెన్సిల్ పెన్సిల్ పనే చేస్తోంది, రబ్బర్ రబ్బర్ పనే చేస్తోంది. రెండూ కలిసినందువల్ల కొత్తగా జరిగే పని ఏమీ లేదు. పక్కపక్కన కట్టినంత మాత్రాన కనిపెట్టినట్టు కాదు.

మన దగ్గర కూడా అంతే. 1970 పేటెంట్ల చట్టంలో సెక్షన్ 3(ఎఫ్) ఉంది. తెలిసిన వస్తువులను, దేని పని అది తనకు తెలిసిన తీరులోనే చేసుకుపోతుంటే, ఊరికే పక్కపక్కన అమర్చినంత మాత్రాన అది ఆవిష్కరణ కాదంటుంది. పెన్ను, పెన్సిల్, క్లిప్పు, రబ్బర్, మెండర్ అన్నీ కలిపి ‘బహుళ ప్రయోజన క్యాప్’ అని దరఖాస్తు పెడితే పరీక్షించే అధికారి మొదటి ఉత్తరంలోనే ఈ సెక్షన్ రాసి పంపుతాడు. అలాంటి ఉత్తరాలు ఫైళ్లలో కుట్టీ కుట్టీ నా వేళ్లు కాయలు కాశాయి.

ఇప్పుడు మీ మొదటి పోస్టు మళ్లీ చదవండి. మీరు ప్రశ్న అడిగే ముందు, ‘ఒకటి మాత్రం బాగుంది’ అని తేలిగ్గా ఒక మాట అని దాటేశారు. క్లిప్పును పలక అంచుకు ఆనించి గీత లాగడం. అక్కడ క్యాప్ మూత పని చేయడం లేదు, పెన్సిల్ ఒక్కటే ఆ పని చేయలేదు. రెండూ కలిస్తేనే ఆ గీత. లిప్‌మన్ దగ్గర లేనిది అదే. మిగతా అన్నీ తీసి పక్కన పెట్టి దీని మీద కూర్చోండి.

అయితే మార్కింగ్ గేజ్ (అంచుకు ఆనించి సమాన దూరంలో గీత గీసే పనిముట్టు) అనేది వడ్రంగంలో పాతదే, నాకంటే మీకే బాగా తెలుసు. అధికారి అదీ చూపిస్తాడు. కాబట్టి ‘అంచుకు ఆనించి గీయడం’ అని కాదు, మీ క్యాప్ ఆ పనిని ఏ అమరికతో చేస్తుంది, దూరం ఎట్లా మారుస్తుంది, ఎక్కడ ఆగుతుంది అన్నదే మీ సొత్తు. అది ఇక్కడ రాయలేదు, అదృష్టం. ముందు తాత్కాలిక వివరాలతో దరఖాస్తు పెట్టుకోవచ్చు, పూర్తి వివరాలకు అప్పటి నుంచి 12 నెలల గడువు. తెలంగాణ వాళ్లకు పేటెంట్ ఆఫీసు చెన్నై. ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, అక్కడికి పోనక్కర్లేదు. ఆకారం ఒక్కటే కాపాడుకోవాలంటే 2000 నాటి డిజైన్ల చట్టం కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు, పదేళ్లు, మళ్లీ ఐదేళ్లు పొడిగింపు. అది పేటెంట్ కంటే సులువు, కానీ ఆకారం కాస్త మార్చి ఇంకొకడు అదే పని చేసుకుంటే ఆపలేరు.

మీ ఊరాయన మాటలకు భయపడకండి. మన ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం గారు అమ్మ భుజాల నొప్పి చూడలేక, చీర నేతకు ముందు దారాన్ని చుట్టే ఆసు యంత్రం చేశారు, 1999లో. పద్మశ్రీ వచ్చింది 2017లో. మొదట యంత్రం పని చేసింది, కాగితాలు తర్వాత వచ్చాయి. మీది ముందు గీత తిన్నగా గీయాలి.

రందపొట్టు (కల్వకుర్తి):

పోస్టు పెట్టి మూడు వారాలైంది. కాగితాల అన్న చెప్పినట్టు కొలతలు చెప్పను, జరిగింది మాత్రం చెబుతాను.

క్లిప్పుతో గీత బాగుందని రాశాను కదా, అది అబద్ధమని తేలింది. కావాలని ఆడిన అబద్ధం కాదు. నాలుగంగుళాల ముక్క మీద గీసి చూసి మురిసిపోయాను. ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీటు మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా లాగి, స్టీల్ స్కేల్ పెట్టి చూస్తే మొదట్లో 20 మి.మీ. ఉన్న దూరం నడుమ 21, చివర 19 చిల్లర. క్లిప్పు స్ప్రింగులాంటిది కదా, చేయి బరువు మారినప్పుడల్లా వంగుతుంది. వంగాలనే దాన్ని పెట్టాం, జేబుకు పట్టడానికి. గీతకేమో వంగని మొండిది కావాలి. రెండు పనులూ ఒక్కదానితో చేయిస్తే రెండూ చెడతాయి. కాబట్టి క్లిప్పు జేబుకే. గీతకు క్యాప్ మూతి దగ్గర వేరే ఏర్పాటు చేశాను. ఎట్లాంటిదో చెప్పను, కాగితాల అన్న కొడతాడు.

ప్రింట్ తీయించాను. మొదటిది నిలబెట్టి తీశాడు ప్రింట్ తీసే పిల్లగాడు, చెబుతున్నా వినలేదు, ‘సపోర్టు (కింద ఆనించే ఊత) తక్కువ పడుతుంది అంకుల్’ అన్నాడు. ఇంటికి వచ్చేలోపే బస్సులో క్లిప్పు విరిగింది. విరిగిన చోట చూస్తే అచ్చం అడ్డనారగా విరిగిన టేకే. రెండోది పడుకోబెట్టి తీయించాను. అది పదిహేను రోజులుగా జేబులో ఉంది. రంధ్రం 9.2 చెప్తే బిగుసుకుపోయింది, 9.3 చెప్తే ‘టక్’ వచ్చింది.

మెండర్ పోయింది, రబ్బర్ పోయింది. ఆరు పలకలు ఉంచాను. మధ్యలో లెడ్ చెక్కుకోవడానికి ఇసుక కాగితం ముక్క చాలు, మా దగ్గర దానికి కరువా.

నిన్న మా దగ్గర పనిచేసే పిల్లగాడికే ఇచ్చాను, పూజగది తలుపు పాడు చేసినవాడికి. ఎనిమిదడుగులు లాగాడు, వేలు అంచుకు పెట్టకుండా. స్కేల్ పెట్టి మూడు చోట్ల చూశాను. తర్వాత వాడు షీటు తిప్పి సన్‌మైకా వైపు వచ్చి, కాడ తిప్పి పెన్ను కొసతో గీశాడు, నేను చెప్పకుండానే. క్యాప్ మాత్రం ఎప్పటిలాగే షీటు మీదే మర్చిపోయి పోయాడు. దొర్లి పడలేదు, అక్కడే ఉంది.

డై ఫిట్టర్ (బాలానగర్‌లో పని, సొంతూరు చిట్యాల):

అన్నా, మర్చిపోయినా పోకుండా ఉండాలంటే క్యాప్‌కు, కాడకు మధ్య సన్నటి పాలీప్రొపిలీన్ పట్టీ ఒకటి పెట్టొచ్చు, షాంపూ మూతలాగే. కానీ అప్పుడు క్యాప్ రెండో కొసకు చేరదు. పట్టీ కాడ నడుమ తిరిగే రింగుకు ఉంటే చేరుతుందేమో చూడాలి. ఆదివారం చిట్యాల వస్తున్నాను, ఫోన్ చేస్తే కల్వకుర్తి వచ్చి చూసిపోతాను. మిగతాది ఇక్కడ రాయొద్దు.